అత్తయ్య ఒప్పుకోరు

అత్తయ్యా,

మీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది, వదిన లేచి తిరుగుతోందా, పసివాడు మిమ్మల్ని నిద్రపోనిస్తున్నాడా అని ముందు వరసగా అడగాలి. అడిగాననుకోండి. జవాబులు తీరిగ్గా రాద్దురు గాని, ముందు ఈ ఉత్తరం వదిన చేత చదివించుకోకుండా మీరే చదవండి. కళ్లజోడు పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని చదవండి. ఫోనులోనే చెప్పేద్దామని అనుకున్నాను గాని, ఫోనులో మీకు వినపడాలంటే నేను అరవాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు.

నిన్న మా చర్చి ఆఫీసు వాళ్లందరం కొత్త పెళ్లి మందిరం చూడడానికి వెళ్లాం. మీరు వదిన దగ్గరికి బయలుదేరే నాటికి గోడలు లేచాయి కదా, ఇప్పుడు పూర్తయిపోయింది. పెద్ద చర్చిలో చిన్న పెళ్లి చేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ముందు రెండు బెంచీల్లో జనం, వెనకంతా ఖాళీ, పెళ్లో పరామర్శో తెలియదు. అందుకే కట్టారు దీన్ని. పెళ్లి దరఖాస్తులు తీసుకునేది, తేదీలు ఇచ్చేది, సర్టిఫికెట్లు టైపు చేసేది నేనే గదా, నేను చూడకుండా తేదీలు ఎలా ఇస్తానని అయ్యగారే అందర్నీ చర్చి వ్యానులో ఎక్కించారు. అయ్యగారు, ఆయన పక్కన అమ్మగారు, పాటల టీచరమ్మ, గంట తాత, మైకు మేస్త్రి, నేను.

లోపల ఇంకా వార్నిషు వాసన పోలేదు. బెంచీలకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం తియ్యలేదు, కూర్చుంటే కిర్రుమంటోంది. వేదిక వెనక గుండ్రటి కిటికీకి పసుపుపచ్చ అద్దం వేశారు. ఆ వెలుగులో నిలబడితే ఎవరి మొహమైనా బాగుంటుంది. గంట తాత అక్కడ నిలబడి, "ఈ అద్దమేదో నా పెళ్లినాడు ఉండుంటే మా ఆవిడ ఇన్నేళ్లు సాధించేది కాదు" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను అత్తయ్యా. అంత గట్టిగా నేను నవ్వి చాలాకాలమైంది. అది కూడా మీకు చెప్పాల్సినవాటిలో ఒకటి.

ఇంతలో అయ్యగారు, "మైకు సంగతి తేల్చుకుందాం. పెళ్లికూతుళ్లంతా నేల చూపులు చూస్తూ గొణుగుతారు. ఎక్కడ నిలబెడితే వినపడుతుందో చూడాలి. ఎవరైనా ఇద్దరు వచ్చి నిలబడండి" అన్నారు. అమ్మగారు నన్ను ముందుకు తోశారు. పెళ్లికొడుకుగా గంట తాత తనంతట తానే తయారైపోయాడు. మెడకు చుట్టుకున్న తువ్వాలు తీసి దులిపి భుజం మీద మడిచి వేసుకుని, దగ్గి గొంతు సవరించుకుని నా పక్కన వచ్చి నిలబడ్డాడు. పూలగుత్తి కావాలి కదా, పాటల టీచరమ్మ అటూ ఇటూ చూసి పెయింటర్లు వదిలేసిన కుంచెల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. అయ్యగారు నా కొంగుకి చిన్న మైకు తగిలించారు. మైకు మేస్త్రి వెనక మూల పెట్టె దగ్గర కూర్చుని మీటలు తిప్పుతున్నాడు.

"ఈ మనిషితో జీవితాంతం కలిసి నడవడం నీకు ఇష్టమేనా అమ్మా?" అని అయ్యగారు అడిగారు. నేను ఇష్టమే అన్నాను. నిజంగానే గొణిగాను కాబోలు, వెనక నుంచి మేస్త్రి చెయ్యెత్తి, "వినపడలేదండీ, ఇంకొంచెం గట్టిగా" అన్నాడు. అతని పని అతను చేస్తున్నాడు, అంతే. కానీ నేను తలెత్తి అతని వైపే చూసి, గట్టిగా, "ఇష్టమే" అన్నాను.

ఆ మందిరంలో మాట ఎలా మోగుతుందో మీరు వినాలి. మామూలు మాట కూడా ఒట్టు పెట్టినట్టే వినపడుతుంది. మేస్త్రి చెయ్యి మీట మీద ఎటు పోయిందో, స్పీకర్లు కీచుమని చెవులు చిల్లులు పడేలా అరిచాయి. అందరూ ముందు అతని వైపు చూశారు, తర్వాత నా వైపు. గంట తాత, "అమ్మాయ్, పెళ్లికొడుకుని నేనిక్కడ అఘోరిస్తుంటే నువ్వెక్కడికో చూస్తావేంటే!" అన్నాడు. ఒక్కసారి గొల్లుమన్నారు. ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, పసుపు వెలుగులో నిలబడ్డాను కదా, దాచుకోవడానికి చోటు లేదు. మేస్త్రి లేచి వైరు పీకేశాడు.

అతను మీకు తెలిసినవాడే. మంచాన పడ్డ తండ్రికి సేవ చేస్తూ పెళ్లి వయసు దాటించుకున్నవాడు. ప్రసంగం మీకు వినపడటం లేదని మీ బెంచీ పక్కన విడిగా చిన్న స్పీకరు బిగించినవాడు. మీరు వదిన దగ్గరికి వెళ్లిన కొత్తల్లో, ఒకరోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు వచ్చి నిలబడి, నన్ను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా బల్ల మీది స్టాప్లరు తీసి చేతిలో పట్టుకుని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? "మా అత్తయ్య ఒప్పుకోరు" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "వింటే ఆవిడ అన్నం మానేస్తారు, ఆవిడకేమైనా అయితే నన్ను నేను క్షమించుకోలేను" అని కూడా అన్నాను. అతను తలూపి, స్టాప్లరు జాగ్రత్తగా ఎక్కడిదక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

మిమ్మల్ని నేను అడిగిందెప్పుడు అత్తయ్యా? మీరు కాదన్నదెప్పుడు? పైగా ఒకసారి గిన్నెలు తోముతుంటే మీరే, "నీ సంగతేమిటే, ఎన్నాళ్లిలా?" అన్నారు. నేనే కుళాయి పెద్దగా తిప్పి వినపడనట్టు ఊరుకున్నాను.

నిజం ఏమిటంటే, భయపడింది నేను. మీ అబ్బాయి మొహం నాకు గుర్తుంది గాని, గొంతు గుర్తుకు రావడం మానేసింది. వంటింట్లోంచి నన్ను పిలిచేవాడు కదా, ఆ పిలుపు ఎలా ఉండేదో ఎంత తవ్వుకున్నా అందడం లేదు. ఇంకొకరి గొంతు ఇంట్లోకి వస్తే ఆ మిగిలిన కాస్తా కూడా పోతుందేమోనని భయం. ఇంకోటి కూడా ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. చర్చిలో అందరూ నన్ను చూపించి, కోడలంటే అలా ఉండాలి, కొడుకు పోయినా అత్తని కన్నతల్లిలా చూసుకుంటోంది అంటారు. ఆ పేరు నాకు ఇష్టం అత్తయ్యా. దాన్ని వదులుకోవడం ఇష్టంలేక మీ పేరు అడ్డం పెట్టుకున్నాను.

ఇదంతా ఒక ఎత్తు, నిన్న తిరిగొచ్చేటప్పుడు జరిగింది ఒక ఎత్తు. మందిరం మెట్ల మీద అమ్మగారు నన్ను పక్కకు పిలిచి, "నీకూ ఇష్టమే, అతనూ మంచివాడు. మరెందుకమ్మా ఈ ఏడుపు?" అన్నారు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు కదా. అలవాటైన అబద్ధం నోటికి ముందు దొరుకుతుంది. అత్తయ్య ఒప్పుకోరండీ అన్నాను. మేస్త్రి వైర్లు చుట్టుకోవడానికి అక్కడే ఉండిపోయాడు. వ్యానులో మిగతా అందరూ మిమ్మల్ని పట్టుకున్నారు. "పెద్దావిడకి అంత పట్టుదల ఎందుకో" అని టీచరమ్మ. "తన కూతురు మాత్రం పిల్లాపాపలతో ఉండాలి, కోడలు ఇలా మోడులా ఉండాలా" అని అమ్మగారు. గంట తాత కూడా, "వయసు మీద పడ్డాక మనసు ముడుచుకుపోతుందిలే" అన్నాడు. అయ్యగారు మీతో తానే మాట్లాడతానన్నారు. నేను కిటికీ పక్కన కూర్చుని వింటున్నాను. నాకు జ్వరం వస్తే మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషి గురించి అంటున్నారు, నోరు తెరవలేదు. ఒక్క మాట, "ఆవిడకేమీ తెలియదండీ" అనే ఒక్క మాట, అనలేకపోయాను. పైగా వాళ్లు నా మీద చూపించే జాలి నాకు చల్లగా తగిలింది.

అయ్యగారి దగ్గర్నుంచి మీకు కబురు రాకముందే ఇది మీకు చేరాలని రాస్తున్నాను. తిట్టండి. తిట్టకుండా మాత్రం ఊరుకోవద్దు.

మీ మీద నింద మోపి చల్లగా కూర్చున్న
మీ కోడలు


అత్తయ్యా,

మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఫోను చేస్తే వదిన ఎత్తి, "అమ్మ స్నానంలో ఉంది" అంది. మళ్లీ చేస్తే "అమ్మ ప్రార్థనలో ఉంది" అంది. మీరు ఒకే రోజులో అంత స్నానమూ అంత ప్రార్థనా చేసే మనిషి కాదు. కోపం వచ్చిందని అర్థమైంది. రావాలి కూడా.

జరిగింది మాత్రం చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మగారి దగ్గరికి వెళ్లి నిజం చెప్పేశాను. టీచరమ్మ, గంట తాత అక్కడే ఉన్నారు, వాళ్లనీ వెళ్లనివ్వలేదు. "అత్తయ్య ఒప్పుకోరని నేనే కల్పించాను, ఆవిడకు ఇదేమీ తెలియదు, వ్యానులో మీరన్నవన్నీ నన్ను అనాల్సినవి" అన్నాను. టీచరమ్మ, "అయితే పెద్దావిడని అన్నన్ని మాటలంటుంటే కూర్చుని విన్నావా?" అంది. విన్నానన్నాను. ఆమె పాటల పుస్తకం తీసుకుని వెళ్లిపోయింది. అప్పట్నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. గంట తాత ఒక్కడే, "పోనీలేమ్మా, నేనూ నోరు జారినవాడినే" అన్నాడు. ఆ మంచి కోడలు పేరు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. పోయాక చూసుకుంటే పెద్ద బరువేమీ కాదనిపించింది.

తర్వాత మేస్త్రికి చెప్పడానికి మందిరానికి వెళ్లాను. నిచ్చెనెక్కి స్పీకరు బిగిస్తున్నాడు. కిందికి దిగనివ్వకుండానే చెప్పాను, దిగితే చెప్పలేనని. అత్తయ్య కాదన్నారని నేను చెప్పింది అబద్ధం, ఆవిడని నేను అడగనేలేదు అన్నాను. కోప్పడతాడనుకున్నాను. అతను స్క్రూ తిప్పడం ఆపి, "మీరు అబద్ధమేమీ చెప్పలేదులెండి" అన్నాడు. అదేంటన్నాను. "ఏమీ లేదండీ. ఆ పెద్ద స్క్రూడ్రైవరు ఇటు అందిస్తారా" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. జాలిపడి అన్నాడనుకుంటున్నాను.

అందించాక నా నిర్ణయం చెప్పాను. ఇద్దర్ని అబద్ధంలో ముంచి కట్టుకునే ఇల్లు నిలవదని, నా కోసం ఎదురుచూడొద్దని చెప్పాను. సరేనండీ అన్నాడు. ఎందుకు అని కూడా అడగలేదు. అడిగుంటే బాగుండేదేమో, తెలియదు.

మీరు వచ్చేటప్పటికి ఇల్లు శుభ్రంగా ఉంటుంది. మీ గదిలో కిటికీ రెక్క బాగు చేయించాను. కోపం తగ్గకపోయినా రండి. కోపంతోనే ఉందురు గాని, ఇక్కడ ఉండండి.

మీ
కోడలు


అమ్మాయ్,

రెండు ఉత్తరాలూ అందాయి. కోపంతో రాయలేదనుకున్నావు. కోపం కాదే, మొహం చెల్లక. మీ వదినతో అబద్ధాలాడించింది నేనే. స్నానమనీ ప్రార్థననీ అది చెబుతుంటే నేను పక్కనే ఫోనుని చూస్తూ కూర్చున్నాను.

ఇది చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో. ఆ మేస్త్రి నీతో చెప్పింది నిజం. నువ్వు అబద్ధమాడలేదు. నిన్ను అడగకముందే అతను నన్ను అడిగాడు.

నేను ఇక్కడికి బయలుదేరడానికి ముందు, నువ్వు ఆఫీసుకి వెళ్లిన సమయంలో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గేటు దగ్గరే నిలబడి, "పెద్దమ్మా, ముందు మీతో మాట్లాడటం మర్యాద" అన్నాడు. లోపలికి రమ్మనలేదు నేను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. విషయం చెప్పాడు. "మా కోడలికి అలాంటి ఆలోచన లేదు. ఉన్నా నేను ఒప్పుకోను. నా కొడుకు ఇంట్లో ఇంకొకడు అన్నం తింటుంటే నేను చూడలేను" అన్నాను. అరిచాననుకుంటా, నా చెవులకి నేనెంత అరుస్తానో నాకు తెలియదు కదా. అతను, "నేను అడిగినట్టు మాత్రం ఆమెతో అనకండి పెద్దమ్మా, మీ ఇద్దరి మధ్య పొరపొచ్చాలు వస్తాయి" అని చెప్పి వెళ్లాడు. అలా అడిగినవాడిని గేటు దగ్గర్నుంచే పంపించేశాను.

అంతమాట పడ్డా ఆగలేక ఆఫీసుకి వచ్చి నిన్నూ అడిగాడన్నమాట. మంచిదే చేశాడు. నువ్వు "అత్తయ్య ఒప్పుకోరు" అన్నప్పుడు, నువ్వు అల్లిన కథలోని అన్నం మానేసే ముసల్దాన్ని అప్పటికే చూసొచ్చాడు కాబట్టి నమ్మాడు. ఇన్నాళ్లూ నా మాట నీకు చెప్పలేదంటే, అతని నోరు ఎంత గట్టిదో చూడు.

గిన్నెలు తోముతుంటే నీ సంగతేమిటే అని నేను అడిగానని రాశావు. అదీ చెబుతా విను. నువ్వు వద్దంటావని తెలిసే అడిగాను. అడిగిన పుణ్యం నాకు, వద్దన్న మాట నీకు. నువ్వు కుళాయి తిప్పితే హమ్మయ్య అనుకున్నాను. ఇక ఆ స్పీకరు సంగతి. నా కోసమే అయితే అతను బిగిస్తున్నంతసేపూ నీ వైపు ఎందుకు చూస్తాడే? చెవుడు వచ్చింది గాని నాకు గుడ్డితనం రాలేదు.

మీ వదినకి కాన్పు అయిపోయి ఎన్నాళ్లయింది? ఇంకా ఎందుకున్నానంటే, ఇంటికొచ్చి నీ మొహం చూడలేక. పసివాడి వంక పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు నా పేరు అడ్డం పెట్టుకున్నావు, నేను వాడి పేరు అడ్డం పెట్టుకున్నాను. వాడింకా పాలు తాగే పిల్లాడు, నీకన్నా నేనే ఎక్కువ తప్పు చేశాను.

నా భయం కూడా రాస్తాను, నువ్వు నీది రాశావు కదా. కొడుకు పోయాడు. కోడలు ఇంకొకరింటికి వెళితే ఆ ఇంట్లో నేను ఎవరికి అత్తని? వీధిలో ఎవరైనా ఫలానావాళ్ల అత్తగారు అని అంటే తిరిగి చూసే అలవాటు నాకు. అది పోతుందని వాడి పేరు చెప్పి నీ దారికి అడ్డం పడ్డాను. వాడుంటే సిగ్గుపడేవాడు. వాడి గొంతు నాకు గుర్తుందే. నువ్వు ఎప్పుడడిగినా ఎలా పిలిచేవాడో పిలిచి చూపిస్తాను. దాని కోసం నువ్వు ఒంటరిగా ఉండక్కర్లేదు.

అయ్యగారికి మీ వదిన చేత ఫోను చేయించాను. వ్యానులో అన్న మాటల్లో తప్పేమీ లేదని, టీచరమ్మతో కూడా చెప్పమన్నాను. నీతో ఆమె మామూలుగా మాట్లాడకపోతే నేనొచ్చి మాట్లాడిస్తాను.

శనివారం బస్సుకి వస్తున్నాను. ఆదివారం అతన్ని ఇంటికి భోజనానికి పిలు. నేను పిలిచానని చెప్పు, నమ్మకపోతే ఈ ఉత్తరం చూపించు. వంట నేనే చేస్తాను. నా కొడుకు కూర్చునే చోట కూర్చోబెట్టకు, అది ఇంకా నావల్ల కాదు. ఆ పక్క కుర్చీలో కూర్చోబెట్టు. అతనెదురుగా నాకు ఏడుపు వస్తే వచ్చిందనుకో, కంగారుపడొద్దు. పెళ్లికి ఒప్పుకుంటున్నాను గాని, సంతోషంగా ఒప్పుకుంటున్నానని మాత్రం రాయను. అది వచ్చినప్పుడు వస్తుంది. వచ్చేదాకా మీరిద్దరూ ఆగనక్కర్లేదు.

ఒక్క పని మాత్రం నువ్వు చెయ్యకు. ముందు గదిలో వాడి ఫోటో ఉంది కదా, భోజనానికి మనిషి వస్తున్నాడని నువ్వు దాన్ని తీసి దాచకు. నేను వచ్చాక నేనే తీసి నా గదిలో పెట్టుకుంటాను. నువ్వు తీస్తే అదొక తప్పని మోసుకు తిరుగుతావు. నేను తీస్తే నాకు ఏడుపొస్తుంది, అంతే.

చివర్లో మీ అమ్మ అని రాద్దామనుకున్నాను. గొప్పగా ఉంటుంది గాని, నిజం కాదు.

నీ అత్తయ్య